దూరప్రయాణాల బైకులో చైన్ వైపు చప్పుడు: కారణం పట్టుకోవడం, సరిచేయడం

ఒక చలికాలం నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళి ఘాట్ దిగుతున్నప్పుడు నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు వెనుక భాగంలో ఒక చప్పుడు మొదలైంది. రెండో గేరులో థ్రాటిల్ వదిలినప్పుడు ఒకసారి, మళ్ళీ అందుకున్నప్పుడు ఒకసారి, గాలికి తలుపు గడపకు కొట్టుకున్నట్టు ‘ఠక్’ మనేది. ఇల్లు చేరాక బండి చూపించిన వర్క్‌షాపులో చైన్ కిట్ అయిపోయిందన్నారు. చైన్, అది ఎక్కి నడిచే రెండు పళ్ళ చక్రాలు (స్ప్రాకెట్లు) కలిపి మార్పించాను. మర్నాడు మా వీధి మలుపులోనే అదే చప్పుడు వినిపించింది. చివరికి వెనుక చక్రం విప్పి చూస్తే, చక్రం మధ్య భాగమైన హబ్బులో కుదుపులను మింగే డ్రమ్ రబ్బర్ల అంచులు నున్నగా అరిగి, ఒకటి నిలువునా చీలి, అడుగున నల్లటి పొడి పేరుకుని ఉంది. తీసేసిన చైన్‌ను కొలిస్తే అది ఇంకా చాలా దూరం నడవగలిగినదే. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందని అందరం వెతికాం గాని, దేనితో కలిసి వస్తోందని ఎవరమూ గమనించలేదు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బండి నడిపే మనిషి చెవి, చప్పుడు పుట్టిన చోటును సరిగా చెప్పలేదు. ఇంజిన్, ఫ్రేము, వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్, సామాను పెట్టెలను మోసే రాడ్లు అన్నీ ఒకదానికొకటి బిగించిన లోహమే కాబట్టి, వెనుక చక్రంలో పుట్టిన మోత పాదాల కింద వినిపించవచ్చు, ముందు స్ప్రాకెట్ దగ్గర పుట్టినది సీటు కింద వినిపించవచ్చు. పైగా హెల్మెట్టూ, గాలి హోరూ ఉండనే ఉంటాయి. లయ విషయంలో మాత్రం చెవి అంత తేలికగా పొరబడదు. ఇంజిన్, ముందు స్ప్రాకెట్, చైన్, వెనుక చక్రం ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో తిరుగుతాయి. చప్పుడు వాటిలో దేని తిరుగుడుతో జతకట్టిందో తెలిస్తే, పానా పట్టుకోకముందే సగం పని అయిపోయినట్టే.

ముందుగా పక్కన పెట్టవలసినవి

దూరప్రయాణాల బండి మీద చప్పుడు చేయగలిగిన వస్తువులు మామూలు బండి మీద కంటే ఎక్కువ. సామాను పెట్టెలు, వాటి రాడ్లు, ట్యాంక్ బ్యాగు కొక్కేలు, వదులైన చైన్ కవరు, నంబరు ప్లేటు అన్నీ గతుకుల మీద కటకటలాడతాయి. అందుకని సామానంతా దించి, అదే రోడ్డు మీద, అదే వేగంతో ఒకసారి నడపాలి. లోతైన గళ్ళున్న టైర్లు తారు రోడ్డు మీద చేసే హోరు బేరింగ్ మోతను బాగా పోలి ఉంటుంది. అయితే రోడ్డు ఉపరితలం మారినప్పుడు టైరు హోరు వెంటనే మారుతుంది, బేరింగ్ మోత మారదు. వెనుక బ్రేకు పెడల్‌ను అతి తేలికగా నొక్కినప్పుడు చప్పుడు ఆగినా, మారినా బ్రేకు ప్యాడ్లను, డిస్కును ముందు చూడాలి.

నడుపుతూ చేయవలసిన పరీక్షలు

వాహనాలు లేని తిన్నని రోడ్డు ఎంచుకోవాలి. బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజిన్ వేగం పెంచినప్పుడు చప్పుడు వినిపిస్తే, అప్పుడు చైన్ గాని, చక్రం గాని తిరగడం లేదు కాబట్టి, వాటి జోలికి వెళ్ళవలసిన పని లేదు. అదే స్థితిలో క్లచ్ పట్టుకోగానే గరగర ఆగిపోయి, వదలగానే మళ్ళీ మొదలైతే, అది క్లచ్ వైపు నుంచి గాని గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్ నుంచి గాని వస్తోందని అనుమానించవచ్చు. కొన్ని ఇంజిన్లలో కొద్దిపాటి గలగల సహజమే. ముందు లేనిది కొత్తగా వచ్చిందా, రోజురోజుకూ పెరుగుతోందా అన్నదే చూడవలసింది.

తరువాత గంటకు 50 కి.మీ. వేగం అందుకుని, క్లచ్ పూర్తిగా పట్టుకుని, ఇంజిన్‌ను ఐడిల్‌కు దిగనివ్వాలి. చప్పుడు ఇంజిన్‌తోపాటు తగ్గిపోతే కారణం క్లచ్‌కు ముందు, అంటే ఇంజిన్ వైపు ఉంది. బండి దొర్లుతున్నంతసేపూ ఉండి, వేగంతోపాటు నెమ్మదిస్తే కారణం చైన్, స్ప్రాకెట్లు, చక్రం బేరింగ్లు, గేర్‌బాక్సు ఔట్‌పుట్ వైపు (చైన్‌కు బలం అందించే వైపు) భాగాలలో ఒకటి. ఇదే వేగాన్ని మూడో గేరులోనూ, నాలుగో గేరులోనూ నిలిపి చూస్తే ఇంకొంత తేలుతుంది: గేరు మారినా శ్రుతి మారని మోత గేర్‌బాక్సు దాటాక పుట్టినది, ఒక్క గేరులోనే వినిపించే కూత ఆ గేరు పళ్ళది. పొడవైన మలుపులో బండి ఒక వైపు వాలినప్పుడు మోత పెరిగి, రెండో వైపు వాలినప్పుడు తగ్గితే చక్రం బేరింగ్‌ను అనుమానించాలి. థ్రాటిల్ వదిలి అందుకున్నప్పుడల్లా ఒక్కొక్క దెబ్బ వినిపించడం చైన్ మరీ వదులుగా ఉందని గాని, డ్రమ్ రబ్బర్లు అరిగాయని గాని, ముందు స్ప్రాకెట్ తన షాఫ్టు మీద ఆడుతోందని గాని చెబుతుంది. నేను చైన్ కిట్‌కు డబ్బు పెట్టకముందు ఈ చివరి పరీక్షకు వచ్చిన జవాబు మీద కాస్త నిలబడి ఆలోచించి ఉంటే సరిపోయేది.

లయను లెక్కపెట్టడం

ఆగి ఆగి వచ్చే చప్పుడు అయితే, దాన్ని లెక్కపెట్టడమే అన్నిటికంటే పదునైన సాధనం. ఉదాహరణకు వెనుక టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు, వెనుక స్ప్రాకెట్‌కు 38 పళ్ళు, ముందు స్ప్రాకెట్‌కు 15 పళ్ళు, చైన్‌లో 110 లింకులు ఉన్నాయనుకుందాం. వెనుక చక్రం ఒక చుట్టు తిరిగితే 38 లింకులు కదులుతాయి. కాబట్టి చైన్ పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు 2.9 చుట్లు తిరుగుతుంది, బండి 5.8 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 10 కి.మీ. వేగంలో చక్రం ఒక చుట్టుకు 0.7 సెకను, చైన్ ఒక చుట్టుకు సుమారు 2 సెకన్లు పడుతుంది; ముందు స్ప్రాకెట్ సెకనుకు 3 నుంచి 4 సార్లు తిరుగుతుంది.

అంటే నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో పోతూ ‘టిక్’ అన్న చప్పుడును మనసులో లెక్కపెట్టుకుంటే, రెండు సెకన్లకు ఒకసారి వచ్చేది చైన్‌లోని ఒకానొక లింకుది, సెకనుకు ఒకటి కంటే కాస్త ఎక్కువగా వచ్చేది చక్రానిది లేదా వెనుక స్ప్రాకెట్‌ది, గబగబా వచ్చేది ముందు స్ప్రాకెట్‌ది. మీ బండి పళ్ళు, లింకులు లెక్కపెట్టి ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి సీటు కింద పెట్టుకోండి. దారిలో ఎక్కడైనా పనికొస్తుంది. బండి మీద కూర్చుని లెక్కపెట్టడం కుదరకపోతే, సెంటర్ స్టాండు వేసి, చైన్ మీద ఒక లింకుకూ, టైరు మీద ఒక చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టి, చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పుతూ, చప్పుడు వచ్చినప్పుడల్లా ఏ గుర్తు ఒకే చోటికి తిరిగి వస్తోందో చూడవచ్చు.

స్టాండు మీద: ఒక హెచ్చరిక

ఇక్కడి నుంచి చేసే ప్రతి పనీ ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, బండి న్యూట్రల్‌లో ఉండగా, చక్రాన్ని చేతితో తిప్పుతూ మాత్రమే చేయాలి. చైన్ తుడవడం తేలికవుతుందని ఇంజిన్ నడుపుతూ, గేరు వేసి, గుడ్డ పట్టుకుని నిలబడేవాళ్ళను నేను చాలా చోట్ల చూశాను. ఆ గుడ్డ కొస ఒక్కసారి చైన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య చిక్కితే, చేయి వెనక్కి తీసుకునేంత సమయం ఎవరికీ ఉండదు, వేళ్ళు పోతాయి. రెండు నిమిషాలు కలిసి వస్తాయని ఈ పని ఎవ్వరూ చేయవద్దు.

చైన్

ముందుగా శుభ్రం చేయాలి, ఎందుకంటే మట్టి, పాత గ్రీజు కింద ఏ లోపమూ కనిపించదు. నేటి టూరింగ్ బైకుల చైన్లలో ఎక్కువ వాటికి పిన్నుల దగ్గర ఓ-రింగులు (సన్నని రబ్బరు వలయాలు) ఉంటాయి. కర్మాగారంలో నింపిన గ్రీజును లోపల నిలిపేవి అవే. అందుకని పెట్రోలు, ఇనుప తీగల బ్రష్షు వాడకూడదు, నీటి ప్రెషరు గన్ను దగ్గరగా పెట్టి కొట్టకూడదు. కిరసనాయిలు, మెత్తటి బ్రష్షు, గుడ్డ పేలికలు చాలు. తుడిచి ఆరబెట్టాక, కింది వరుసలో చైన్ లోపలి వైపు, ప్లేట్లు కలిసే చోట 90 గేర్ ఆయిల్ గాని చైన్ స్ప్రే గాని పలచగా పట్టించి, కొంతసేపు ఆగి, పైన మిగిలినది తుడిచేయాలి. ప్రయాణం ముగిసి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు ఈ పని చేస్తే నూనె బాగా లోపలికి పాకుతుంది. దాదాపు ప్రతి 500 కి.మీ.కు ఒకసారి, వానలోనో సముద్రతీరపు ఇసుక దారిలోనో తిరిగితే ఆ సాయంత్రమే చేయడం మంచిది. పొడిబారిన చైన్ చేసే చరచర, కిచకిచ చాలావరకు ఈ ఒక్క పనితోనే పోతాయి.

పోకపోతే, చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ, స్ప్రాకెట్ వదిలి వచ్చే లింకులను ఒక్కొక్కటిగా చూడాలి. మంచి లింకు స్ప్రాకెట్ దాటగానే తిన్నగా సాగుతుంది. పట్టేసిన లింకు మోకాలు వంగినట్టు వంకరగానే ఉండిపోతుంది. దాని పిన్ను చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపలి గ్రీజు పోయి, నీరు చేరిందని అర్థం. పైన పోసిన నూనె అక్కడికి చేరదు, ఆ చైన్ మార్చవలసిందే. లాక్ క్లిప్పు ఉన్న చైన్ అయితే, క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకు ఉందా, క్లిప్పు వంగి పక్కనున్న కవరుకు తగులుతోందా అని చూడాలి. చైన్ చుట్టుకు ఒకసారి వచ్చే ‘టిక్’కు ఇది ఒక కారణం.

అరుగుదలను కంటి అంచనాతో కాక కొలిచి తేల్చాలి. 520, 525, 530 అని పిలిచే చైన్లన్నిటికీ ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు దూరం 15.875 మి.మీ.; వాటిలో తేడా వెడల్పులో ఉంటుంది. కాబట్టి కొత్త చైన్‌లో 20 లింకుల పొడవు, అంటే మొదటి పిన్ను మధ్య నుంచి 21వ పిన్ను మధ్యకు, 317.5 మి.మీ. ఉండాలి. కవాసకి వెర్సిస్ 650 వంటి బండ్ల మాన్యువళ్ళు, చైన్‌కు 10 కిలోల బరువు వేలాడదీసి బిగువుగా ఉంచి కొలవమంటాయి, 323 మి.మీ. దాటితే మార్చమంటాయి. మూడు నాలుగు చోట్ల కొలవాలి, ఎందుకంటే చైన్ అంతటా ఒకేలా అరగదు. వెనుక స్ప్రాకెట్ వెనుక కొసన చైన్‌ను వేళ్ళతో పట్టి లాగినప్పుడు పంటిలో సగానికి పైగా బయటపడినా, పళ్ళు కొడవలిలా ఒక వైపు వంగినా ఆ జోడు అయిపోయినట్టే. చైన్ మార్చితే రెండు స్ప్రాకెట్లూ మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ మొదటి రోజు నుంచే మోత పెడుతుంది, త్వరగా అరుగుతుంది.

బిగువు విషయంలో టూరింగ్ బండికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చైన్ ఎంత ఆడాలో స్వింగ్ ఆర్మ్ మీది స్టిక్కరులోనో, మాన్యువల్‌లోనో ఉంటుంది, ఆ కొలతనే పాటించాలి. చక్రాన్ని తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట కొలవాలి. అంతటితో ఆగకూడదు. వెనుక ఒక మనిషి, రెండు పెట్టెల సామాను ఎక్కాక స్వింగ్ ఆర్మ్ కిందికి కుంగుతుంది. ముందు స్ప్రాకెట్ మధ్య, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనుక చక్రం యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగుతు అవుతుంది. ఖాళీ బండి మీద సరిగ్గానే అనిపించిన చైన్ సామానుతో గతుకులో పడినప్పుడు వీణ తీగలా బిగుసుకుని, గుయ్యిమని కూస్తూ, గేర్‌బాక్సు ఔట్‌పుట్ బేరింగ్‌ను, చక్రం బేరింగ్లను తినేస్తుంది. అందుకని ఇద్దరిని బండి మీద కూర్చోబెట్టి, కింది వరుసలో ఇంకా కొంత ఆట మిగిలిందో లేదో చేతితో చూడాలి. చైన్ వదులుగా ఉంటే స్వింగ్ ఆర్మ్‌కు తగిలి చప్పుడు చేస్తుంది, స్వింగ్ ఆర్మ్ మీది ప్లాస్టిక్ ప్యాడ్‌లో గాడి పడుతుంది. బిగుతు ఎక్కువైతే లోపలి బేరింగ్లు పోతాయి. రెండింటిలో మొదటిదే తక్కువ ఖర్చు.

చక్రం వంకరగా బిగిస్తే చైన్ పక్కలకు ఒరుసుకుని చరచరమంటుంది. స్ప్రాకెట్ పళ్ళ పక్క భాగం ఒక వైపే మెరుస్తోందంటే అదే కారణం. ట్యూబు టైర్లున్న బండికి దారిలో పంచరు పడితే చక్రం విప్పక తప్పదు, తిరిగి బిగించేటప్పుడు తొందరలో, చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపే అడ్జస్టర్ మీది గుర్తు ఒక వైపు ఒకలా, రెండో వైపు ఇంకోలా మిగిలిపోతుంది. పంచరు వేయించాక మొదలైన మోతకు ముందు ఇక్కడే వెతకాలి. యాక్సిల్ మీద చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాలు (స్పేసర్లు) తారుమారయ్యాయేమో కూడా చూడాలి. అడ్జస్టర్ గుర్తులు అన్ని బండ్లలోనూ కచ్చితంగా ఉండవు కాబట్టి, స్వింగ్ ఆర్మ్ ఇరుసు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు రెండు వైపులా కొలిచి సమానం చేయడం నమ్మకమైన దారి. చివరగా టైరును వెనుక నుంచి కాలితో ముందుకు నెట్టి పట్టుకుని యాక్సిల్ నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, చైన్ ఆటను మళ్ళీ ఒకసారి కొలవాలి, ఎందుకంటే నట్టు బిగిసేటప్పుడు అది కొద్దిగా మారుతుంది.

డ్రమ్ రబ్బర్లు

చాలా టూరింగ్ బండ్లలో వెనుక స్ప్రాకెట్ నేరుగా చక్రానికి బిగించి ఉండదు. అది ఒక డ్రమ్ముకు బిగించి ఉంటుంది, ఆ డ్రమ్ము రెక్కలకూ హబ్బు గోడలకూ మధ్య రబ్బరు ముక్కలు కూర్చుంటాయి. ఇంజిన్ తోసే ప్రతి దెబ్బనూ ముందు అవే తీసుకుంటాయి. సెంటర్ స్టాండు మీద, ఇంజిన్ ఆపి ఉండగానే, ఈ ఒక్క పరీక్షకు మాత్రం న్యూట్రల్ వదిలి మొదటి గేరు వేసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ చేతులతో ఆడించి చూడాలి. స్ప్రాకెట్ కదలకుండా చక్రం ఒక్కటే వదులుగా ఆడి, చివర ‘ఠక్’ మని తగిలితే రబ్బర్లు అరిగిపోయాయి. మంచి రబ్బర్లున్న డ్రమ్ము హబ్బులోంచి ఊడిరావడానికి గట్టిగా లాగవలసి వస్తుంది. నా బండిలో చక్రం పక్కకు వంచగానే అది చేతిలోకి జారిపడింది. రబ్బర్ల ధర చైన్ కిట్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. దారి మధ్యలో దొరకకపోతే, పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి రబ్బరుకూ రెక్కకూ మధ్య కూర్చితే ఇల్లు చేరేవరకు చప్పుడు తగ్గుతుంది, అయితే అది తాత్కాలికమే. డ్రమ్ము చేతిలో ఉండగానే దాని మధ్యలోని బేరింగ్‌ను వేలితో తిప్పి చూడాలి. చక్రం బేరింగ్లను మాత్రమే మార్చి దీన్ని మరిచిపోవడం తరచుగా జరుగుతుంది, చైన్ లాగుడంతా దీనికి దగ్గరలోనే పడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ముందు స్ప్రాకెట్, బేరింగ్లు

ముందు స్ప్రాకెట్ కవరు విప్పితే మట్టి, ఇసుక, పాత గ్రీజు కలిసి గట్టిపడిన ముద్ద కనిపిస్తుంది. చైన్ దానికి ఒరుసుకోవడం వల్లనే గరగర వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి. గీకి తీసేశాక, స్ప్రాకెట్‌ను పట్టుకొని ఆడించి నట్టు, లాక్ వాషరు లేదా ప్లేటు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. కొన్ని కంపెనీల స్ప్రాకెట్ పక్కన చప్పుడు తగ్గించే రబ్బరు వలయం ఉంటుంది. అది లేని స్ప్రాకెట్ వేస్తే మోత కొంత పెరుగుతుంది, అది లోపం కాదు.

చక్రం బేరింగ్ల కోసం టైరును పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆట తెలుస్తుంది. అనుమానం మిగిలితే చక్రం విప్పి, బేరింగ్ లోపలి వలయాన్ని వేలితో తిప్పాలి. ఇసుక రాసుకున్నట్టు అనిపించినా, గంటు గంటుగా ఆగినా మార్చాలి. బేరింగ్ మీద 6204 వంటి నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరు చెప్పి రెండు వైపులా రబ్బరు సీళ్ళున్నది అడగాలి. కొత్తది దించేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి.

గేర్‌బాక్సు లోపలి మోత అని తేలితే, ఇంటి దగ్గర చేయగలిగింది ఆయిల్ స్థాయి చూడడం, మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్గుకు అంటుకున్నది పరిశీలించడం వరకే. బూడిదలాంటి పలచని పొర మామూలుగా కనిపించేదే, గోరుకు తగిలే లోహపు ముక్కలు మామూలు కాదు, వాటితో దూర ప్రయాణం మొదలుపెట్టకూడదు. హోండా గోల్డ్ వింగ్, బీఎండబ్ల్యూ ఆర్ శ్రేణి వంటి, చైన్‌కు బదులు షాఫ్టు ఉండే బండ్లకూ వెనుక డ్రైవ్ ఆయిల్ విషయంలో ఇదే పరీక్ష వర్తిస్తుంది. చాలా హార్లీ బండ్లలో చైన్ బదులు ఉండే బెల్టు దుమ్ముకు కీచుమంటుంది, దానికి పలచని సబ్బు నీళ్ళు చాలు, నూనె ఎప్పుడూ పెట్టకూడదు.

సరిచేశాక

ఒకేసారి రెండు మూడు భాగాలు మార్చకుండా, ఒక పని చేసి, మొదట చప్పుడు విన్న రోడ్డు మీదే, అదే గేరులో, అదే బరువుతో నడిపి చూడాలి; లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఆ తరువాత సుమారు 500 కి.మీ.కు చైన్ ఆటను, యాక్సిల్ నట్టును, స్ప్రాకెట్ బోల్టులను మళ్ళీ చూడాలి, ఎందుకంటే కొత్త చైన్ మొదట్లో కొంత సాగి కుదురుకుంటుంది. నా బండికి ఆ తనిఖీలో చైన్ 5 మి.మీ. వదులైంది, సరిచేశాను, యాక్సిల్ నట్టు బిగించినచోటే ఉంది.